అడ్డచెక్క దిగే రోజు

పోయిన వారం మనం పిచ్చుకను మంచం కింద వదిలేసి వచ్చాం. పాపం, అది ఇంకా అక్కడే ఉంది.

ఎందుకు దూరిందో గుర్తులేనివాళ్ళకి ఒక్క మాట. ఆ ఇంటి ముందుగది సెలూను, వెనక రెండు గదులూ వంటిల్లూ కాపురం. తాత పెట్టిన కొట్టు అది. ఇప్పుడు నాన్న నడుపుతున్నాడు. మొన్నామధ్య తాత చెయ్యి వణికి లెక్కల మాస్టారి చెవికి కత్తెర తగిలింది. పెద్ద గాయమేం కాదు, కానీ తెల్లటి తువ్వాలు మీద పడ్డ చుక్క అందరికీ కనబడింది. అప్పుడు నాన్న తాత చేతిలోంచి కత్తెర మెల్లగా తీసుకుని మిగతా తల తనే పూర్తి చేశాడు. ఆ తర్వాత రెండు రోజులకే, ఆదివారం పిచ్చుకకి అద్దం పరీక్ష పెడతానన్నాడు. ఆ మాట చెవిన పడగానే ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే ఆ ఆరేళ్ళ పిల్ల మంచం కింద దూరింది. ఆకలేసినప్పుడు బయటికొచ్చి, తిని, మళ్ళీ దూరుతూ ఆదివారం దాకా లాక్కొచ్చింది.

"బయటికి రావే తల్లీ," అంది అమ్మ, మంచం పక్కన గొంతుక్కూర్చుని. ఆమె చేతిలో ఒక కొత్త చెప్పు ఉంది. రెండోది ఒళ్ళో ఉంది.

"నా చెప్పులు నాకిస్తే వస్తా."

"నీవే కదా ఇవి."

"అవి కాదు. పాతవి."

"పాతవాటిలో నీ వేళ్ళు ముందుకొచ్చి వీధి చూస్తున్నాయి."

"చూడనీ."

"మడమ వెనక్కి వేలాడుతోంది."

"వేలాడనీ. నాకేం నొప్పిగా లేదు."

"నొప్పి లేకపోతే నిన్న కుంటుకుంటూ ఎందుకు తిరిగావు?"

"అది ఆట."

అమ్మ చేతిలో చెప్పు తిప్పి చూసుకుంది. కొత్త చెప్పులు కొంటే పక్కలో పెట్టుకుని పడుకునే వయసు ఇది. ఎర్ర పట్టీ, పక్కన తళతళలాడే బొత్తం, అన్నీ చూసి ఏరి తెచ్చింది. ఈ పిల్లేమో వాటిని తేలుని చూసినట్టు చూస్తోంది. ఈ వారమంతా ఇదే వరస. పాలు సగం గ్లాసు చాలంటుంది. గుడ్డు పెడితే అన్నయ్య పళ్ళెంలోకి జరుపుతుంది. గౌను పొట్టిదైంది, కింద మడత విప్పి పొడుగు చేస్తానంటే చెయ్యి పట్టుకుని ఏడ్చింది. అమ్మ అన్నీ చూస్తూనే ఉంది. అడగలేదు. పొయ్యి మీద పాలు పొంగే ముందు పక్కన నిలబడ్డట్టు, ఊరికే చూస్తూ ఉంది.

అంతలో అన్నయ్య వచ్చాడు. పదమూడేళ్ళకే గుమ్మం దగ్గర తల వంచాల్సినంత పొడుగయ్యాడని ఇంట్లో అందరూ అతన్ని నిచ్చెన అంటారు. ఈమధ్య గొంతు కూడా మారుతోంది. ఒకే మాట సగం నాన్న గొంతుతో, సగం తన పాత గొంతుతో బయటికొస్తుంది.

"పిచ్చుక గూట్లోంచి దిగనంటోందా? ఉండమ్మా, నేను దింపుతా," అని గుమ్మం దగ్గరున్న పాత చెప్పులు అందుకున్నాడు. "చెత్తబుట్టలోకి పోతున్నాయహో! చూసుకునేవాళ్ళు కడసారి చూసుకోండి!"

మంచం కింద నుంచి పిచ్చుక బాణంలా దూసుకొచ్చింది. జుట్టు నిండా దూది పోగులు, మోకాళ్ళ నిండా దుమ్ము. నిన్ననేగా ఊడ్చాను, ఇంత దుమ్ము ఎక్కణ్ణుంచి వచ్చిందని అమ్మ ఆ గొడవలో కూడా అనుకుంది.

"నావి! ఇచ్చెయ్, నిచ్చెనా!"

"అన్నయ్యా అని అడుగు."

"నిచ్చెన! మెట్లు విరిగిన నిచ్చెన!"

"అయితే అస్సలివ్వను."

వాడు మడమ వైపు లాగాడు, ఇది పట్టీ వైపు లాగింది. టప్ మని చప్పుడైంది. వాడి చేతిలో చెప్పు మిగిలింది, దీని చేతిలో పట్టీ మిగిలింది.

"నేను తెంపలేదు," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

"ఎవరు తెంపినా పుణ్యం కట్టుకున్నారు," అంది అమ్మ. పిచ్చుకను మంచం మీద కుదేసి, కాళ్ళు తడిగుడ్డతో తుడిచి, కొత్త చెప్పులు తొడిగింది. బొటనవేలికీ చెప్పు అంచుకీ మధ్య కాస్త చోటుంది. అక్కడ తన వేలు పెట్టి చూసుకుని తృప్తిగా తల ఊపింది. "ఖాళీ ఉంచే కొన్నాను. మెల్లగా నిండుతుందిలే."

మెల్లగా నిండుతుందిట! పిచ్చుక ఆ ఖాళీ వంక చూసింది. అంటే అమ్మ కూడా వాళ్ళ జట్టే అన్నమాట. తను పెరుగుతుందని అందరూ ముందే అనేసుకున్నారు. తనని ఒక్క మాట అడిగినవాళ్ళు లేరు.

*

ఆ కొట్టు పద్ధతి చెబితే గానీ పిచ్చుక బాధ అర్థం కాదు.

సెలూను కుర్చీ పెద్దవాళ్ళ ఒంటికి చేసింది. పిల్లలు కూర్చుంటే అందులో మునిగిపోతారు. అందుకని కుర్చీ చేతులు రెండిటి మీదా అడ్డంగా ఒక చెక్క వేసి దాని మీద కూర్చోబెడతారు. ఇంట్లో దాన్ని అడ్డచెక్క అంటారు. చిన్నప్పుడు నాన్న దాని మీదే కూర్చున్నాడు. తర్వాత నిచ్చెన కూర్చున్నాడు. వాడు చెక్క అడుగున మేకుతో ఓడ బొమ్మ కూడా గీశాడు. వీధిలో పిల్లలందరూ కూర్చుని కూర్చుని నడిమధ్యన అది పళ్ళెంలా గుంట పడింది. ఆ గుంట పిచ్చుకకి కొలిచి చేసినట్టు సరిపోయేది. ఈమధ్య కొంచెం ఇరుకైంది. ఆ సంగతి అది ఎవరికీ చెప్పలేదు.

చెక్క మీద ఉన్నన్నాళ్ళు పిల్లలు తాత గిరాకీ. చెక్క దిగితే నాన్న గిరాకీ. అది అక్కడి పద్ధతి. తాత పాత స్నేహితులు కొందరు మాత్రం ఇన్నాళ్ళూ ఆయన ముందే తల వంచేవారు. మాస్టారి చెవి సంగతి వీధంతా పాకాక ఆ స్నేహితులు కూడా నాన్న ఖాళీ అయ్యేదాకా పేపరు చదువుకుంటూ కూర్చుంటున్నారు. తాత వైపు చూసి నవ్వుతారు, వాతావరణం గురించి మాట్లాడతారు, కుర్చీ ఖాళీ అవగానే నాన్న దగ్గరికి పోతారు. వీధి పిల్లల్ని వాళ్ళ అమ్మలు చెయ్యి పట్టుకుని నాన్న వైపు నడిపిస్తున్నారు. తాతకి మిగిలింది ఇంట్లో ఉన్న ఒక్క గిరాకీ. మొండిముక్కు కత్తెరతో మెడ వెనక జుట్టు సమానంగా కత్తిరించడానికి నాన్న ఒప్పుకున్నది పిచ్చుక ఒక్కదానికే.

తాత దగ్గర కటింగు వేరు. మెడ మీద పడ్డ వెంట్రుకల్ని ఆయన నోటితో ఊది దులుపుతాడు. ఆ ఊదుకి వీపంతా గిలిగింతలు పుడతాయి. నాన్న బ్రష్షుతో దులుపుతాడు. బ్రష్షు మంచిదే. కానీ దానికి నోరు లేదు.

అలాగని పిచ్చుకకి పెద్దదవ్వాలని లేదా అంటే, ఎందుకు లేదు! వీధి తలుపు గడియ తనే తియ్యాలని ఉంది. మునివేళ్ళ మీద లేవకుండానే వంటింటి గట్టు మీద ఏం దాచారో చూడాలని ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, తనకొక సొంత కుర్చీ ఉండాలి. నీలం రంగుది, తొక్కితే కప్పు దాకా లేచేది. అందులో లెక్కల మాస్టార్ని కూర్చోబెట్టి, మెడకి గుడ్డ కట్టి, "కదలకండి" అనాలి. ఆయన కదలకూడదు. ఈ నీలం కుర్చీ సంగతి తాతకి రోజూ చెబుతుంది. తాత కూడా రోజూ కొత్తగా వింటాడు.

మరి భయమెందుకంటే, నిచ్చెన చెక్క దిగిన ఏడాదే తాత చెయ్యి వణకడం మొదలైందని ఒకసారి అమ్మ నాన్నతో అంటుంటే విన్నది. అమ్మ మామూలుగా అన్న మాటే. పిచ్చుక మాత్రం ఆ మాటని కుర్చీతో పోల్చి చూసుకుంది. కుర్చీ పైకి లేవాలంటే నాన్న కాలి కింద పెడల్ కిందికి దిగాలి. పెడల్ దిగకుండా కుర్చీ లేచినట్టు అది ఎప్పుడూ చూడలేదు. నిచ్చెన లేచాడు, తాత చెయ్యి దిగింది. ఇప్పుడు తను లేస్తే తాతలో ఇంకేం దిగుతుందో!

దిగుతున్నవి అది కళ్ళారా చూస్తూనే ఉంది. తాత తన జుట్టు తనే కత్తిరించుకునేవాడు, రెండు అద్దాల మధ్య నిలబడి. నాన్నని కూడా చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. ఇప్పుడు ఆ జుట్టు మెడ దాటి కాలరు మీద పడుతోంది. ఇంట్లో కూడా టోపీ పెట్టుకు తిరుగుతున్నాడు. సెలూను పెద్దాయనకి ఆ జుట్టేమిటని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. భోజనాల దగ్గర కుడిచెయ్యి తొడ కింద పెట్టుకుని ఎడమచేత్తో చెంచా పట్టడం ఆయనకి అలవాటైంది. చూసీ చూడనట్టు ఉండడం మిగతావాళ్ళకి అలవాటైంది.

అందుకని పిచ్చుక ఎదగకూడదని నిర్ణయించుకుంది. పాలు మానితే సగం పని అవుతుంది. పరీక్షలో తప్పితే మిగతా సగం.

*

పొద్దుటి గిరాకీలు అయిపోగానే నాన్న గాజుతలుపుకున్న అట్టని 'మూసి ఉంది' వైపు తిప్పాడు. ఆదివారం భోజనాలకి ముందు ఇంట్లోవాళ్ళ కటింగులు. అమ్మ తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి నడిమి గుమ్మంలో నిలబడింది.

పరీక్షలో పెద్ద చిక్కేం లేదు. కుర్చీ ఎత్తు అందరికీ ఒకేలా ఉండాలని దాని కింది ఇనపకడ్డీ మీద తాత ఎప్పుడో ఒక తెల్ల గీత గీశాడు. గీత కనబడేంత ఎత్తులో కుర్చీ ఆపాలి. పిల్లని చెక్క లేకుండా కూర్చోబెట్టాలి. అద్దం కింది అంచు పైన గడ్డం కనబడిందా, చెక్క దిగినట్టే. కనబడకపోతే మళ్ళీ కొన్నాళ్ళాగి చూస్తారు.

"అమ్మాయిగారూ, దయచెయ్యండి," అన్నాడు నాన్న తువ్వాలు దులుపుతూ, పెద్ద గిరాకీలతో అన్నట్టే.

తాత అప్పటికే కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు. గిరాకీలు వెళ్ళగానే కుర్చీ తుడిచి సిద్ధం చేసింది ఆయనే.

పిచ్చుక ఎక్కి కూర్చుంది. మంచం కింద నేర్చుకున్న విద్యంతా బయటికి తీసింది. నడుముని సీటు అంచు దాకా జార్చింది, వీపు వంచింది, మెడని తాబేలులా భుజాల్లోకి లాక్కుంది. అద్దంలో పాపిడీ, రెండు కళ్ళూ మాత్రం కనబడ్డాయి.

"ఇదేమిటి? పోయినసారి ముక్కు దాకా వచ్చిందిగా!" అన్నాడు నాన్న.

"పోయినసారి ముక్కు, ఈసారి కళ్ళు. ఇది కిందికి పెరుగుతున్నట్టుంది," అన్నాడు నిచ్చెన.

"పిల్లలు అంతేరా. ఆగి ఆగి పెరుగుతారు," అన్నాడు తాత తొందరగా. "చెక్క వేసెయ్యనా?" చెక్క అప్పటికే ఆయన చేతుల్లో ఉంది.

"ఉండు నాన్నా. పిచ్చుకా, సరిగ్గా కూర్చో."

"కూర్చున్నా."

"ఇంకా సరిగ్గా."

నాన్న దాని చంకల కింద చేతులు పెట్టి లేవదీసి, వీపు కుర్చీకి ఆనించి, మెడ సాగదీసి కూర్చోబెట్టాడు. ఇక దాక్కోవడానికి చోటు లేదు. పిచ్చుక కళ్ళు మూసుకుంది. తెరిచి చూస్తే అద్దంలో ముక్కు చివర ఉంది. దాని కింద ఏమీ లేదు.

ఒక్క క్షణం దానికి ఎగిరి గంతెయ్యాలనిపించింది. మరుక్షణం అనుమానమొచ్చింది. ఇప్పుడు తను వంగలేదు. వీపు నిటారుగా ఉంది. అయినా గడ్డం రాలేదు. అంటే నిజంగానే ఎదగడం ఆగిపోయిందా? సగం గ్లాసు పాలకే ఇంత పని జరుగుతుందా? మరి నీలం కుర్చీ? వీధి తలుపు గడియ? ఆగమన్నదే గానీ, శాశ్వతంగా ఆగిపొమ్మని అది ఎవరితోనూ అనలేదు.

కాలు అటూ ఇటూ ఊపింది. కొత్త చెప్పులో అమ్మ ఉంచిన ఖాళీ ఉంది కదా, చెప్పు జారి కుర్చీ కింద పడింది. నిచ్చెన వంగి దాన్ని తియ్యబోయి అలాగే ఉండిపోయాడు.

"నాన్నా," అన్నాడు, రెండు గొంతులతోనూ. "గీతేదీ?"

నాన్న వంగి చూశాడు. అమ్మ వచ్చి చూసింది. తెల్ల గీత కడ్డీ కింది గొట్టంలోకి దిగిపోయి ఉంది.

"కుర్చీ దించారు," అన్నాడు నాన్న లేచి నిలబడి. "ఎవరు?"

పిచ్చుక అద్దంలోంచి చూసింది. తాత టోపీ సర్దుకుంటున్నాడు. ఒకసారి సర్దుకున్న టోపీనే మళ్ళీ సర్దుకుంటున్నాడు. చెవులు రెండూ ఎర్రబడ్డాయి. పిచ్చుకకి అంతా అర్థమైపోయింది.

"నేనే దించా," అంది.

"నువ్వా? దేంతో దించావు?"

"దీంతో." తల వెనకున్న దిండు మర చూపించింది.

"అది తిప్పితే దిండు ఊడుతుందే, కుర్చీ దిగదు," అన్నాడు నిచ్చెన, నవ్వాపుకోలేక.

"దాన్నెందుకు అడుగుతారు?" అన్నాడు తాత. "నేనే దించాను. తుడుస్తుంటే చెయ్యి తగిలి ఉంటుంది."

"చెయ్యి తగిలితే దిగేది కాదు నాన్నా. మీట ఎత్తి పట్టుకుంటే గానీ దిగదు. నాకు నేర్పింది నువ్వే."

తాత అడ్డచెక్కని గుండెకి ఆనించుకుని నిలబడ్డాడు, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు.

"పనిలో పనిగా దీని సంగతి కూడా తేల్చండి," అంది అమ్మ ముందుకొచ్చి. "గూనిదానిలా ఎందుకు కూర్చుందో, పాలు ఎందుకు మానేసిందో, కొత్త చెప్పులంటే ఎందుకు వణికిపోతోందో. చెప్పవే. ఎవరూ కొట్టరు."

కొట్టరనగానే పిచ్చుకకి ఏడుపొచ్చింది.

"నేను చెక్క దిగితే తాత దగ్గర ఎవరూ ఉండరు," అంది వెక్కుతూ. "అందరూ నాన్న దగ్గరికే పోతారు. నేనొక్కదాన్నే ఉన్నా. నేను పెరిగితే తాత దిగిపోతాడు. అన్నయ్య పెరిగితే చెయ్యి దిగింది. నేను పెరిగితే ఇంకోటి దిగుతుంది. కుర్చీ లేస్తే పెడల్ దిగుతుంది కదా, అలాగ!"

నిచ్చెన మొహంలో నవ్వు ఆగిపోయింది. తన పొడుగు చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు వెనక్కి దాచుకున్నాడు.

నాన్న దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "నేను తాత దగ్గర కత్తెర లాక్కున్నాననుకుంటున్నావా?"

పిచ్చుక బాగా ఆలోచించింది. "లాక్కోలేదు. తీసుకున్నావు."

నాన్న లేచి అటు తిరిగాడు. మడిచి ఉన్న తువ్వాలుని విప్పి మళ్ళీ మడిచాడు.

అప్పుడు తాత చెక్కని గోడకి చేరవేసి కుర్చీ దగ్గరికొచ్చాడు. "గట్టిగా పట్టుకో," అని పెడల్ మీద కాలు వేశాడు. చెయ్యి వణుకుతుందేమో గానీ ఆయన కాలు ఇప్పటికీ గట్టిదే. తొక్కుతూనే ఉన్నాడు. తెల్ల గీత బయటికొచ్చింది. నాన్న ఇటు తిరిగి, "ఆగాగు," అన్నాడు. అలవాటు ఎక్కడికి పోతుంది! గీత దగ్గర ఆపించి అద్దంలో చూశాడు. పిచ్చుక గడ్డం అద్దం అంచు మీద ఎక్కి కూర్చుని ఉంది, గట్టు మీద బోర్లించిన గిన్నెలా. అంటే చెక్క దిగినట్టే.

తాత అక్కడితో ఆపలేదు. మళ్ళీ తొక్కాడు. మెడ కనబడింది, భుజాలు కనబడ్డాయి, గౌను బొత్తాలు కనబడ్డాయి. పిచ్చుక ఎప్పుడూ లేవనంత ఎత్తుకి లేచింది. కన్నీళ్ళు బుగ్గల మీదే ఆగిపోయాయి.

"ఇప్పుడు చూడు," అన్నాడు తాత, కాస్త ఆయాసంతో. "నువ్వు లేచావా?"

"లేచా."

"నేను దిగానా?"

అద్దంలో చూసింది. నమ్మకం చాలక మెడ తిప్పి కూడా చూసింది. "లేదు."

"ఎక్కడున్నాను?"

"అక్కడే."

"ఇంకేం మరి!"

పిచ్చుక వెంటనే ఒప్పుకునే రకం కాదు. అంత ఎత్తు నుంచి దానికి తాత టోపీ పైభాగం కనబడుతోంది. టోపీ కింద నుంచి బయటికి తోసుకొచ్చి కాలరు మీద వంకర్లు తిరిగిన తెల్లజుట్టు కనబడుతోంది. ఇంతవరకూ తాతని అది కిందనుంచే చూసింది. మెల్లగా చెయ్యి చాపి ఆ జుట్టు ముట్టుకుంది.

"నీ జుట్టు ఎంత పెరిగిందో తాతా," అంది. "నువ్వు కూడా పెరుగుతున్నావా?"

"పెరుగుతూనే ఉన్నాను."

"నీకూ భయంగా ఉందా?"

నాన్న చేతిలో తువ్వాలు కదలడం మానేసింది. తాత కుర్చీ వీపు మీద చెయ్యి వేసి, ఆ చేతిని చూసుకున్నాడు.

"కొంచెం," అన్నాడు.

*

ఆ మధ్యాహ్నం భోజనాల వేళ దాకా కటింగు మొదలే కాలేదు. తర్వాత చూద్దాంలే, ముందు తిందాం రండి అని నాన్నే అన్నాడు. అమ్మ బంగాళాదుంప కూర వడ్డించింది. పిచ్చుక పళ్ళెంలో గుడ్డు పెట్టి ఒక చూపు చూసింది. పిచ్చుక దాన్ని ఎవరి వైపూ జరపలేదు. మెల్లగా కొరికింది. నిచ్చెన తన పక్క కుర్చీ మీదున్న మెత్తని దిండు తెచ్చి, "ఎత్తుగా ఉంటుంది, వేసుకుంటావా?" అని అడిగాడు. "వద్దు, అందుతోంది," అంది పిచ్చుక. కాసేపాగి, "అన్నయ్యా," అని కూడా అంది. వాడికి పొలమారింది.

తాత ఏమీ తినకుండా కూర్చున్నాడు. ఉన్నట్టుండి కుడిచెయ్యి తొడ కింద నుంచి తీసి బల్ల మీద పెట్టాడు. పెట్టి, దాచుకోలేదు. వేళ్ళు వణుకుతూ పళ్ళేన్ని తాకినప్పుడల్లా పళ్ళెం సన్నగా మోగింది. ఎంతగా చూడనట్టు ఉందామన్నా ఆ చప్పుడుకి అందరూ చూశారు.

"రేపు పొద్దున కొట్టు తెరవకముందు నేను జుట్టు కత్తిరించుకుంటాను," అన్నాడు తాత.

నాన్న మొహం విప్పారింది. ఎన్నాళ్ళ నుంచో ఎదురుచూస్తున్న మాట. "నేను కత్తిరిస్తాను నాన్నా. ఎంత సేపు? అసలు నేనే అడుగుదామనుకుంటూ..."

"నువ్వు కాదు."

నాన్న చెంచా గాల్లోనే ఆగింది.

"ఇవాళ చెక్క దిగిన పిల్ల ఒకటుంది కదా," అన్నాడు తాత. "ఊరికే దిగితే ఏం బావుంటుంది? ఆ చెక్కని కుర్చీ వెనక రెండు పెట్టెల మీద వేస్తాను. దాని మీద నిలబడితే నా తల దానికి అందుతుంది. ఇన్నాళ్ళూ కూర్చున్న చెక్క మీదే రేపట్నుంచి నిలబడుతుంది. నా చెయ్యి పని చెయ్యకపోతే మానె. కళ్ళున్నాయి, నోరుంది. నేర్పడానికి అవి చాలు."

చొక్కా జేబులోంచి గుడ్డలో చుట్టిన పొట్లం తీసి పిచ్చుక పళ్ళెం పక్కన పెట్టి విప్పాడు. మొండిముక్కు కత్తెర. అప్పుడే నూనె పెట్టి తుడిచినట్టు మెరుస్తోంది.

"మామయ్యగారూ! ఆరేళ్ళ పిల్లకి కత్తెరా!" అంది అమ్మ.

"మొండిముక్కుది అమ్మాయ్. తెగితే జుట్టు తెగుతుంది. ఒక్కోసారి అదీ తెగదు."

"నాకెప్పుడూ ఇవ్వలేదే!" అన్నాడు నిచ్చెన.

"నువ్వెప్పుడు అడిగావురా?"

"అది మాత్రం అడిగిందా?"

"రోజూ అడుగుతోంది. నీలం కుర్చీ అని ఒకటుంది, నీకు తెలీదు."

నాన్న చెంచా కింద పెట్టాడు. "నాన్నా, ఇది ఆట కాదు. మొన్న మాస్టారి చెవి..." అని నాలిక కరుచుకున్నాడు. కానీ వెనక్కి తగ్గలేదు. "మన కొట్లో ఇలాంటివి కుదరవు. నేనొప్పుకోను."

"కొట్టు నీదేరా," అన్నాడు తాత నెమ్మదిగా. "తల నాది."

నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ కూర గిన్నె మూత సరిగ్గా ఉందో లేదో చూసుకుంటోంది. ఇద్దరూ ఇంకేం అంటారోనని నిచ్చెన ఒకసారి ఇటు, ఒకసారి అటు చూస్తున్నాడు.

పిచ్చుక మాత్రం కత్తెరనే చూస్తోంది. నీలం కుర్చీ, మెడకి గుడ్డ, "కదలకండి" అన్న మాట, అన్నీ ఒక్కసారే వచ్చి తన పళ్ళెం పక్కన కూర్చున్నట్టున్నాయి. ఇంత తొందరగా, ఇంత దగ్గరికి వస్తాయని అది అనుకోలేదు. రేపు తాత దాని ముందు టోపీ తీసేసి తల వంచుతాడు. కదలడు. ఆ తెల్లటి జుట్టంతా, పక్కనే రెండు చెవులూ.

చెయ్యి చాపింది. కత్తెర పిడికి కాస్త ఇవతల ఆ చెయ్యి ఆగిపోయింది. వేళ్ళు వణుకుతున్నాయి.

గబుక్కున వెనక్కి లాక్కుని తొడ కింద పెట్టుకుంది, అచ్చం తాత పెట్టుకునేట్టే. నాన్న చూడలేదు. అమ్మ చూడలేదు.

తాత చూశాడు.